అరికాలి మీద నల్ల చుక్క

2011 సెప్టెంబరు నెలాఖరులో నన్ను హైదరాబాదు నుంచి మహబూబాబాద్ పంపారు. మా వైపు వాళ్లం దాన్ని మానుకోట అనే అంటాం. ఎగుమతి సరుకు నాణ్యత చూసే ఒక తనిఖీ సంస్థలో నేనప్పుడు సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ని. తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె జోరుగా నడుస్తోంది. బస్సులు లేవు, రైళ్లు ఎప్పుడాగుతాయో తెలియదు. జనగామ దాకా ఒక జీపులో, అక్కణ్ణుంచి ఇంకో జీపులో ఇరుక్కుని వెళ్లాను.

ఊరి చివర ఒక షెడ్డులో చిన్న బొమ్మల కర్మాగారం. అక్కడ తయారయ్యేది పిల్లలు ఆడుకునే బొమ్మ కాదు. ఎర్రటి కేప్ కట్టుకున్న సూపర్‌హీరో, జానెడు ఎత్తు. విదేశాల్లో పెద్దవాళ్లు కొని అద్దాల బీరువాలో దాచుకుంటారు. అలాంటి సరుకుకు కొలతలు కఠినంగా ఉంటాయి. ముసుగు అంచున రంగు చెదరకూడదు. మోకాలు, మోచేయి వంచితే వంచినచోట నిలవాలి. అచ్చు రెండు సగాలు కలిసిన గీత వేలికి తగలకూడదు. చివరగా అరికాలు తిప్పి చూస్తాం, ఎందుకంటే బొమ్మ వరుస సంఖ్య అక్కడే ఉంటుంది. సేకరించేవాళ్లు కూడా మొదట చూసేది దాన్నే.

పెట్టెల్లోంచి నాకు తోచినవి తీసి బల్ల మీద పెట్టించాను. ముఖాలు చక్కగా కుదిరాయి. కీళ్లు బాగున్నాయి. అరికాలు తిప్పేసరికి నల్ల చుక్క. రెండో బొమ్మకూ ఉంది. మూడోదానికీ ఉంది.

మొదట కరెంటు మీద అనుమానం వచ్చింది. భూపాలపల్లి గనుల్లో కార్మికులు దిగడం మానేశారు, బొగ్గు లేక ఎప్పుడు పడితే అప్పుడు కోతలు. కరెంటు పోతే యంత్రం గొట్టంలో కరిగిన ప్లాస్టిక్ నిలిచిపోయి మాడుతుంది. ఆ మాడు తర్వాత వచ్చే బొమ్మల్లో నల్లగా తేలుతుంది. కానీ మాడు ఒక బొమ్మకు వీపున, ఒకదానికి చేతిన, ఎక్కడపడితే అక్కడ వస్తుంది. ఇక్కడ అన్నిటికీ ఎడమ అరికాలే. అంటే ఎవరో చేత్తో పెట్టారు.

ఆ మాట పైకి అన్నాక, అనకుండా ఉండాల్సింది అనిపించింది. మేనేజరు రంగారావు గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడు కాడు గానీ ఆ రోజుల్లో ప్రతి నినాదానికీ ఉలిక్కిపడేవాడు. ఇది ఉద్యమం వాళ్ల పనేనని, కావాలని సరుకు పాడు చేశారని అన్నాడు. నా నివేదికలో "ఉద్దేశపూర్వకం" అని ఒక్క మాట రాస్తే చాలు, దాన్ని పట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్తానన్నాడు. లారీ వాకిట్లో నిలబడి ఉంది. ఆ రోజు రైలు రోకో. పట్టాల వైపు నుంచి అరుపులు వినిపిస్తున్నాయి. అలాంటి రోజున పోలీసు స్టేషనులో పేరు ఎక్కితే ఆ మనిషి గతి ఏమవుతుందో నాకు తెలుసు. నిజంగా భయం వేసింది. తెలిసీ రాయలేదని తేలితే నా ఉద్యోగానికే ముప్పు.

ఒక చుక్కను బొటనవేలితో రుద్దాను. రంగైతే కదలదు. ఇది జిడ్డుగా సాగింది. వాసన చూశాను. ఆముదం. మా అమ్మ దీపానికి పట్టిన మసిని ఆముదంతో రంగరించి కాటుక చేసేది, అచ్చం ఆ వాసనే.

రంగారావును గదిలోనే ఉండమని, తుది మెరుగుల బల్ల దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. ఇది ఎవరు పెట్టారమ్మా అని మామూలుగా అడిగాను. గార్ల దగ్గర తండా నుంచి వచ్చే సోమ్లీ, నడివయసు మనిషి, చేతిలో పని ఆపకుండానే చెప్పింది.

"నేనే పెట్టిన సారూ. దిష్టి చుక్క. గింత సక్కగున్నరు పోరగాళ్లు, దేశంగాని దేశం పోతున్నరాయె. ముఖం మీద పెడితె కోప్పడ్తరని కాలికి పెట్టిన."

అది సరుకమ్మా, తుడిచెయ్యాలి అన్నాను. అప్పుడు ఆమె చేయి ఆగింది.

"నాతోని కాదు సారూ. మా వోనికి గూడ పొద్దుగాల గిట్లనే అరికాలికి పెట్టి పంపిన. పెద్దోడైండు, ముఖానికి పెడ్తనంటె సిగ్గంటడు. ఇయ్యాల పట్టాల మీద కూసున్నడు. పెట్టిన చెయ్యితోని ఎట్ల తుడుస్త?"

ఆమెను ఇంకో పనికి పంపించి, నేనూ మిగతా పనివాళ్లూ కలిసి సబ్బు నీళ్ల గుడ్డతో చుక్కలన్నీ తుడిచాం. ప్లాస్టిక్ మీద మరక మిగల్లేదు. నివేదికలో "తుడిస్తే పోయే మరక, స్వల్ప లోపం, సరిచేశాక ఆమోదించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. రంగారావు చదివి ముఖం మాడ్చుకున్నాడు గానీ లారీని పంపేశాడు. సోమ్లీ కొడుకు చీకటి పడ్డాక క్షేమంగా ఇల్లు చేరాడని మర్నాడు తెలిసింది.

ఆ తర్వాత నా కింద చేరిన ఇన్‌స్పెక్టర్లకు రెండు సంగతులు చెప్పేవాణ్ణి. మచ్చ చోటు మారుతుంటే యంత్రాన్ని చూడండి, ఒకేచోట ఉంటే మనిషిని అడగండి. "ఉద్దేశపూర్వకం" అని రాయవలసి వస్తే, ఆ ఉద్దేశం ఏమిటో తెలుసుకున్నాకే రాయండి.