నీలవేణి చెప్పిన జవాబు

నీలవేణి గుట్టు మనిషి. లోపలి బట్టలు ఉతికితే, పైన చీర కప్పి మరీ ఆరేసేది. ఊడ్పుల్లో ఆడవాళ్లంతా వరసగా వంగి ఒకరి సంసారం ఒకరు తవ్విపోసుకుంటుంటే, ఆమె నారుకట్ట విప్పుకొని ముందుకు సాగేది తప్ప తన ఇంటి మాట ఒక్కటి బయటపెట్టేది కాదు. "నీలవేణి కడుపులో మాట ఏతమేసి తోడినా రాదమ్మా" అని తోటి కూలీలు మేలమాడేవాళ్లు.

నరసన్నపేట దగ్గర హైవే దిగి, కాలవగట్టు మీద లోపలికి పోతే వాళ్ల ఊరు. భర్త జగన్నాధం లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న రోజుల కంటే రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువ. ఒక్కడే కొడుకు గోపి. ఇంటరు బైపీసీ పాసై, పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పనికి పోయేవాడు.

అలాంటి గుట్టు మనిషికి రెండేళ్ల కిందట, వరికోతల కాలంలో, ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. మూతి ఒక పక్కకి జారింది. ప్రాణానికి భయం లేదని చెప్పి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. జగన్నాధం వారం రోజులు మంచం పక్కనే కూర్చుని, తర్వాత అదే ఊళ్లో ఉన్న అక్క చిన్నతల్లికి అప్పగించి లారీ ఎక్కాడు. ఎక్కకపోతే మందులకు డబ్బులు రావు.

చిన్నతల్లి రోజూ వచ్చేది. ఫ్లాస్కుతో అల్లంటీ తెచ్చేది. అయితే గుమ్మం దాటేది కాదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకొని, అరుగు మీద నుంచే పలకరించేది. "నాకు సిన్నప్పట్నించీ వాసనలు పడవే నీలవేణీ, కడుపులో తిప్పీసి నాను కూడా పక్కన మంచమెక్కీసినాననుకో, ఇద్దర్ని ఎవలు సూస్తారు?"

రెండు రోజుల సెలవు పెట్టి వచ్చిన గోపి ఉండిపోయాడు.

మొదటి రోజు పక్క తడిసిపోతే నీలవేణి ఎవరికీ చెప్పలేదు. కళ్లు మూసుకొని బిగుసుకుపోయి పడుకుంది. గోపికి వాసనను బట్టి తెలిసింది. నీళ్లు కాచి, పాత పంచె చింపి తెచ్చి, "అమ్మా, అటు తిరుగు" అన్నాడు. ఆమె తిరగలేదు, తిరగడం చేతకాదు కూడా. పక్కింటావిడను పిలవనా అని అడిగాడు. ఊళ్లో ఇంకో ఆడమనిషి తనను ఆ స్థితిలో చూడడం ఆమెకు ఇంకా పెద్ద చావు. కన్న కొడుకు ముందు సిగ్గు, ఊరి ముందు సిగ్గు. రెంటిలో చిన్నది ఎంచుకోవలసి వచ్చింది.

"నా నెత్తి మీద సెయ్యెట్టు" అంది, మాట ముద్దగా పడుతుంటే. "ఎవలికీ సెప్పనని ఒట్టెయ్యి. మీ నాన్నకి కూడా."

గోపి తడిచెయ్యి లుంగీకి తుడుచుకొని ఆమె తల మీద పెట్టాడు.

ఆ తర్వాత స్నానం, బట్టలు, రాగిపిండితో కాచిన చోడి అంబలి చెంచాతో గుక్కగుక్కగా తాగించడం, పక్క మార్చడం, అన్నీ మూసిన తలుపు వెనక జరిగాయి. తండ్రి ఇంట్లో ఉన్న రోజుల్లో ఆయన అరుగు మీద నిద్ర లేవకముందే గోపి పని ముగించేవాడు. చిన్నతల్లి వస్తూ పోతూ ఉండడం ఊరంతా చూసింది కాబట్టి, సేవంతా ఆవిడే చేసిందని, గోపి వంటకీ ఇంటి పనికీ ఉండిపోయాడని ఊరు అనుకుంది. జగన్నాధమూ అలాగే అనుకున్నాడు. అక్కకి జరీ అంచు చీర పెట్టి కాళ్లకి దండం పెట్టాడు. చిన్నతల్లి ఒక్క క్షణం నీలవేణి వైపు చూసి, చీర తీసుకుంది. "ఏదోలేరా, మన మనిషికి మనం సెయ్యకపోతే ఎవలు సేస్తారు?" అంది. నీలవేణి మాత్రం తన గుట్టుకి ఆ చీర కాపలా అనుకుంది. పోనుపోను చిన్నతల్లికి తనే చేసినట్టు నమ్మకం కుదిరిపోయింది. ఎవరి ఇంట్లో ఎవరు మంచాన పడినా వెళ్లి సలహాలు చెప్పడం మొదలుపెట్టింది.

ఏడాది తిరిగేసరికి నీలవేణి కర్ర పట్టుకొని నడవసాగింది. ఎడమ చెయ్యి మాత్రం వేలాడుతూనే ఉంది. మాట ముద్దగానే ఉంది. కొత్తవాళ్ల ముందు నోటి పక్కనుంచి ఉమ్మి జారుతుందని భయపడి పెదవులు బిగించుకొని కూర్చునేది.

ఇక గోపి కంపెనీకి తిరిగి పోతాడనుకున్నారు. ఒక సాయంత్రం, తండ్రి అన్నం తింటుండగా అతను చెప్పాడు. విజయనగరంలో ఒక మిషన్ ఆసుపత్రి వాళ్ల నర్సింగు స్కూలుకి దరఖాస్తు పెట్టాడట. మూడేళ్ల చదువు.

జగన్నాధం చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "నర్సు పనా? ఆడోల్ల పని కాదేట్రా అది?"

"మగోల్లు కూడా సేస్తన్నారు నాన్నా."

అరుగు మీద చిన్నతల్లికి నవ్వాగలేదు. "ఒలమ్మో! ఒరే అల్లుడా, తెల్ల గౌను ఎవలు కుడతార్రా నీకు? నర్సమ్మా, ఓ నర్సమ్మా, నాకు కొంచెం జొరంగా ఉన్నాది, సూది ఎయ్యవే!"

"నీకు ఏసే సూది ఇంకా తయారవలేదులే అత్తా. సైజు సాలదు."

"సూసినావా తమ్ముడా, ఇంకా సేరకముందే రోగుల్ని ఎలగ తిడతన్నాడో!"

జగన్నాధం నవ్వలేదు. కంచంలో చెయ్యి కడిగేసి, "ఒక్కసారి ఎల్లిరా. సీటు రాకపోతే మారు మాటాడకుండా నా బండెక్కాల. కిలీనరు గుంటడు మానీసినాడు, ఎలాగా మనిషి కావాల" అన్నాడు.

అప్పటినుంచి ఇంటర్వ్యూ ఇంట్లోనే మొదలైంది. గోపి జీవశాస్త్రం పుస్తకాలు మళ్లీ తీశాడు. పెరట్లో బట్టలు ఉతుకుతూ ఇంగ్లీషులో తన పేరూ ఊరూ చెప్పుకునేవాడు. అన్నం వారుస్తూ గుండెకి గదులెన్నో, ఏ గదిలోకి ఏ రక్తం వస్తుందో వప్పజెప్పేవాడు. ఆ స్కూలు ఆసుపత్రి ల్యాబులో పనిచేసే గిరిబాబు అనే స్నేహితుడు ఫోనులో హెచ్చరించాడు. మగపిల్లలకు సీట్లు తక్కువ. చేరినవాళ్లలో కొందరు, మంచం మీది రోగికి ఒళ్లు తుడవమనీ దొడ్డికి బెడ్‌పాన్ పెట్టమనీ అనేసరికి పెట్టె సర్దుకొని పారిపోయారట. అందుకని ప్రిన్సిపాల్ మేడమ్ మగపిల్లల్ని ఒకటే అడుగుతుంది: నువ్వెందుకు వచ్చావు?

దానికి గోపి ఫోనులో వీడియోలు చూసి ఒక జవాబు తయారుచేసుకున్నాడు. "చిన్ననాటి నుండి రోగులకు సేవ చేయాలన్నది నా ఆశయం" అని మొదలయ్యేది. గోడవైపు తిరిగి, చేతులు కట్టుకొని రోజూ చెప్పేవాడు.

మంచం మీద కూర్చుని కరివేపాకు దూస్తూ నీలవేణి వినేది. ఒకరోజు ఉండబట్టలేక, "సిన్నప్పుడు బళ్లో సూదులెయ్యడానికి వస్తే పారిపోయి పశువుల సాల్లో దూరినావు కదరా. అదేటి ఆశయం?" అంది.

"మరేటి సెప్పమంటావు? నిజం సెప్పమంటావేటి?"

అతను సరదాకే అన్నాడు. కానీ ఆమె చేతిలో కొమ్మ ఆగింది. గోపి అది చూసి మళ్లీ గోడవైపు తిరిగాడు. "చిన్ననాటి నుండి..." అని మొదటి నుంచి అందుకున్నాడు. ఆ జవాబులో అబద్ధం ఎక్కడుందో ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. నిజం చెప్పడానికి అతనికి ఒట్టు అడ్డం. ఒట్టు వేయించుకున్నది తను. రాత్రి పడుకొని ఆమె దాని గురించి ఆలోచించింది. ఒక్క మాటతో ఆ ఒట్టు తీసేయవచ్చు. ఆ ఒక్క మాట అంటే వాడు ఎవరి ముందో తన ఒళ్లు విప్పి చూపించినట్టే. తెల్లారేసరికి, వీడియోలో జవాబు బాగానే ఉందిలే అనిపించింది.

తల్లిదండ్రులు ఇద్దరూ రావాలని కబురొచ్చింది. జగన్నాధం ఒక లోడు వదులుకొని గడ్డం గీయించుకున్నాడు. చిన్నతల్లిని ఎవరూ పిలవలేదు. పెద్దదిక్కు లేకుండా ఎలా అంటూ ఆమె జరీ అంచు చీర కట్టుకొని బస్సులో కిటికీ పక్క సీటు పట్టేసింది.

ప్రిన్సిపాల్ గదిలో నాలుగు కుర్చీలు వేశారు. గోపి నిలబడ్డాడు. పద్మజ మేడమ్ జుట్టు తెల్లబడింది. చేతులకి గాజులు లేవు, గోళ్లు బాగా కత్తిరించుకొని ఉన్నాయి. మార్కులు చూసింది. గుండె గదుల గురించి అడిగింది. గోపి తడబడకుండా చెప్పాడు. జగన్నాధం కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

"సరే. ఈ పనికి ఎందుకొచ్చావు?"

"చిన్ననాటి నుండి రోగులకు సేవ చేయాలన్నది..."

మేడమ్ చెయ్యెత్తి ఆపింది. కోపంగా కాదు. "పొద్దున్నుంచి నలుగురు ఇదే చెప్పారు బాబూ. అదే వాక్యం. నేను అడిగేది వేరు. మంచం మీద కదల్లేని మనిషికి నువ్వు ఎప్పుడైనా నీ చేతులతో ఏమైనా చేశావా?"

గోపి తల్లి వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అతను పడుతున్న కష్టం నీలవేణికి తెలుస్తూనే ఉంది.

"లేదు మేడమ్."

"ఆడికేటి తెలుసు మేడమ్, గుంటడు!" చిన్నతల్లి ముందుకు వంగింది. "సేవంటే మా ఇంట్లోనే ఉన్నాది. ఇదిగో, మా మరదలు మంచాన పడితే అన్నీ నానే సేసినాను. ఊరంతా సెప్తాది. ఆ రక్తమే ఈడికీ ఉంటాది, మీరు సీటిచ్చీండి, నేర్సుకుంటాడు."

"మంచిదమ్మా" అంది మేడమ్. గోపి కాగితాలు ఒకచోట చేర్చి, "మార్కులు బాగున్నాయి. కానీ మగపిల్లల సీట్లు తక్కువ. చేతులతో చేయగలడని నాకు నమ్మకం కలిగితేనే..." అంటూ పక్కనున్న దొంతర మీద పెట్టబోయింది.

"ఈడే సేసినాడు."

ఆ మాట ముద్దగా, సగం ఉమ్మితో వచ్చింది. అందరూ నీలవేణి వైపు తిరిగారు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. ఎదురుగా ఉన్న బల్ల అంచు వైపు చూస్తూ మళ్లీ చెప్పింది. "నాకు సేసింది ఈడే. మా ఒదిన కాదు. ఈడు సెప్పడు. నాను ఒట్టేయించుకున్నాను."

"ఏటే నీలవేణీ..." చిన్నతల్లి కుర్చీలో వెనక్కి జరిగింది.

మేడమ్ కుర్చీ జరుపుకొని దగ్గరగా వచ్చింది. గొంతు తగ్గించింది. తగ్గించినా నర్సు అడిగినట్టే అడిగింది. "స్నానం?"

"సేయించినాడు."

"మూత్రం? దొడ్డికి?"

భర్త పక్కనే ఉన్నాడు. నీలవేణికి చెవులు వేడెక్కాయి. ఊడ్పుల్లో ఎవరి నోటినుంచైనా ఇంతకంటే చిన్న మాట వస్తేనే తల తిప్పుకున్న మనిషి. "అన్నీ మేడమ్. అన్నీ ఎత్తినాడు. నాను ఏడిస్తే, సిన్నప్పుడు నువ్వు నాకు సెయ్యలేదేటి అనీవోడు. మొకం ఎప్పుడూ సిట్లించలేదు."

"ఎన్నాళ్లు?"

"లేచి నిలబడీదాకా."

"వీపు మీద, పిర్రల మీద పుళ్లు పడ్డాయా?"

"లేదు మేడమ్. ఒక్కటీ పడలేదు."

మేడమ్ ఆమె వేలాడే చెయ్యి అందుకొని వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసింది. తర్వాత గోపి వైపు తలెత్తింది. "ఎన్ని గంటలకోసారి పక్కకి తిప్పేవాడివి?"

"గంటలు సూడలేదు మేడమ్" అన్నాడు గోపి. ఇంట్లో అభ్యాసం చేసిన భాష అంతా ఎటో పోయింది. "మూలిగినప్పుడల్లా తిప్పీవోన్ని."

"గంటల లెక్క మేం నేర్పుతాం" అంది మేడమ్. కాగితాలను దొంతర మీద కాకుండా తన ముందు పెట్టుకుంది. "సోమవారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకొని రా. ఆలస్యం చెయ్యకు."

బయట వరండాలో చిన్నతల్లి ఎవరి మొహమూ చూడలేదు. "ఇంటికాడ ఒక్క మాట సెప్పీసుంటే నాను వద్దునా? అంత సదువుకున్న మనిషి ముందు నా పరువు..." అని చెంగు విసురుకుంటూ గేటు వైపు నడిచింది. కొంచెం దూరం పోయి, ఆగి, వెనక్కి చూడకుండానే, "బస్సు టయిమవతాది, బేగి రండి" అని అరిచింది.

గోపి తల్లి ముందు నిలబడ్డాడు. ఏదో అనాలనుకొని, "ఒట్టు..." అన్నాడు.

"నాను ఏయించుకున్నదే. నానే తీసీసినాను. నీకేటి తగల్దులే."

జగన్నాధం వరండా స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. అతని చూపు కొడుకు చేతుల మీద ఉంది. "నాను ఇంట్లో ఉన్నప్పుడు కూడా" అన్నాడు, ఎవరితోనూ కాకుండా తనలో తనే. "అరుగు మీదే పడుకున్నాను."

నీలవేణికి జాలేసింది, కొంచెం కోపమూ వచ్చింది. ఇన్నాళ్లూ దాచింది తనే అయినా, ఒక్కరోజైనా తలుపు తోసి చూడలేదే అని కూడా ఉంది. పొద్దుట బస్సెక్కినప్పటినుంచి ఆపుకొని కూర్చుంది. ఇక ఆగేలా లేదు. కొడుకుతో మెల్లగా, "బాత్రూం ఎక్కడో సూడరా" అంది.

గోపి చెయ్యి అందించబోయాడు. జగన్నాధం స్తంభం వదిలి ముందుకొచ్చి, "నువ్వుండు. నాను తీసుకెల్తాను" అన్నాడు.

వచ్చి కర్ర ఉన్న కుడి చేతిని గట్టిగా పట్టుకున్నాడు. నీలవేణి ఒక పక్కకి ఒరిగిపోయింది.

"అటు కాదు నాన్నా. పడిపోయిన పక్కన ఉండాల. సంక కింద సెయ్యెట్టు. లాగకు, ఆనుకోనీ."

జగన్నాధం చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చాడు. అంత పెద్ద బండి తిప్పే చెయ్యి, సంక కింద ఎంత బలం పెట్టాలో తెలియక ఒకసారి బిగించింది, ఒకసారి సడలించింది. అటూ ఇటూ తెల్ల దుస్తుల్లో అమ్మాయిలు పుస్తకాలు పట్టుకొని పోతున్నారు. వాళ్లు చూస్తున్నారా అని నీలవేణి ఒకసారి చూసింది. ఒకరిద్దరు చూశారు.

"మెల్లిగా నడువయ్యా" అంది భర్తతో. "నా కాలు ఏసినాకే నువ్వు ఎయ్యి."

ఆమె ఎడమ కాలు ఈడ్చి వేసేదాకా అతను ఆగాడు.