ఎడమచేతి సకినాలు

కొత్తపేట పండ్ల మార్కెట్ తరలిపోయిన మరుసటి ఎండాకాలం నన్ను ఎల్బీనగర్ సర్కిల్‌కు ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. మా ఉద్యోగమంటే హోటళ్లలో ఊరికే తినిరావడమని చుట్టాల్లో ఇప్పటికీ కొందరి నమ్మకం. తినం. తినే వస్తువు తయారయ్యే చోటికి వెళ్లి, నమూనా తీసి, నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, ఒక భాగం ప్రయోగశాలకు పంపుతాం. పధ్నాలుగు రోజుల్లో రిపోర్టు వస్తుంది. బాగుంటే సరే, లేదంటే కేసు. నేను కాస్త కటువు మనిషిని. దిల్‌సుఖ్‌నగర్ మిఠాయి దుకాణాల్లో నన్ను ‘సీలు మేడం’ అనేవారట. అననీ!

ఆ జూన్‌లో ఒక పెద్దాయన సగం తిన్న సకినాల ప్యాకెట్ పట్టుకొని ఆఫీసుకు వచ్చాడు. వాసన చూశాను. ముక్కిపోయిన వాసనే, అనుమానం లేదు. కవరు మీద బ్యాచ్ నంబరు నూనెకు అలుక్కుపోయింది. తయారీ చోటు మాత్రం కనిపిస్తోంది, సరూర్‌నగర్.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. చెరువు వెనక గల్లీలో కిరాయికి తీసుకున్న రెండు గదులు, తొమ్మిది మంది ఆడవాళ్లు. అందరూ నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. కరోనాలో మగవాళ్ల ఆటోలు, మేస్త్రీ పనులు ఆగిపోయినప్పుడు వాళ్లలో సైదమ్మ అనే ఆవిడ తన వంటింట్లో మొదలుపెట్టిన పని ఇది. ఆవిడ భర్త పక్షవాతంతో మంచం పట్టాడు. ఆయన మందులు, తొమ్మిది ఇళ్ల పిల్లల ఫీజులు, అన్నీ ఈ సకినాల మీదే. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, వేళ్ల మధ్య మెలిపెడుతూ బట్ట మీద చుట్లు చుట్టి నూనెలో వేయించడమే సకినం. చెప్పడానికి సులువే. గుంటూరు వైపు దాన్ని, నేను ఒకసారి ప్రయత్నించి పరువు పోగొట్టుకున్నాను.

నాలుగు రోజుల్లో వాళ్ల మొదటి పెద్ద ఆర్డర్ ఒక సూపర్‌మార్కెట్‌కు వెళ్లాలి. అది నిలబడితే ఏడాది పొడుగునా పని. రూలు ప్రకారం, ఏ బ్యాచ్‌లో తప్పుందో తేలకపోతే రిపోర్టు వచ్చేదాకా మొత్తం సరుకు ఆపాలి. అంటే ఆర్డర్ పోయినట్టే. అయితే ఇంకో రూలూ ఉంది. తెరిచిన ప్యాకెట్‌తో కేసు నిలవదు. ‘ఇది మాది కాదు, ఎవరో మా కవర్లో పెట్టి అమ్మారు’ అంటే నేను చేయగలిగింది పెద్దగా లేదు. నా సర్వీసులో ఆ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఈ సంగతి కూడా సైదమ్మకు చెప్పాను. చెప్పడం నా విధి.

ఆవిడ ప్యాకెట్లోంచి ఒక సకినం తీసి, అరచేతిలో పెట్టి తిప్పి చూసింది.

“మాదే మేడం. గిది మా మరియమ్మ చెయ్యి” అంది.

గోడవార కూర్చున్న మరియమ్మ ముఖం పాలిపోయింది. ఎట్లా చెప్పగలవని సైదమ్మను అడిగాను. సకినానికి బట్టకు ఆనిన వైపు చదునుగా ఉంటుంది. ఆ వైపు కిందికి పెట్టి చూస్తే, మిగతా వాళ్ల చుట్లన్నీ ఒక దిక్కుకు, మరియమ్మవి ఎదురు దిక్కుకు తిరుగుతాయి. ఆమెది ఎడమచేతి వాటం. మొదట్లో ఇద్దరు ముగ్గురు, తినే వస్తువుకు ఎడమ చెయ్యేందని గొడవ పెట్టారట. చెయ్యి కడుక్కుంటే ఏ చెయ్యైనా ఒకటేనని సైదమ్మ వాళ్ల నోరు మూయించింది.

మరియమ్మ ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. తల్లిగారింటికి పోయి వస్తూ ఒక సంచి నువ్వులు తెచ్చింది, చేలో పండినవి. అందరూ మురిసిపోయి ఆ రోజు పిండిలో అవే కలిపారు. దుకాణంలో కొన్న నువ్వులైతే ఎండబోసి, నమిలి చూసి, రిజిస్టర్లో రాసుకుంటారు. ఇంటి నువ్వులకు అవేవీ చేయలేదు. సంచి అటక మీద చెమ్మకు ఎన్నాళ్లుందో ఎవరూ అడగలేదు.

నాకు ఒళ్లు మండింది. ఇదేమన్నా పేరంటమా అని కేకలేశాను.

“తల్లిగారింటి నుంచి తెచ్చినయి ఒద్దంటే ఎట్ల మేడం? మనసు నొస్తది గద” అంది సైదమ్మ. మళ్లీ తనే, “తప్పైంది. గని గా ఒక్కదినం సరుకే ఖరాబైంది. మేము ఏరి తీస్తం, జర చూడుండ్రి” అంది.

హాజరు పుస్తకం చూశాను. మరియమ్మ ఆ వారం వచ్చింది ఆ ఒక్కరోజే. అంతకుముందు సరుకు అప్పటికే అమ్ముడైపోయింది, ఏ రోజు ప్యాకెట్లోనైనా అందరి చేతివీ కలిపే పెడతారు. అంటే ఎదురు చుట్టు కనిపించిన ప్యాకెట్టల్లా ఆ రోజుదే. మాట మీద నమ్మే అలవాటు నాకు లేదు కాబట్టి నేనే పది ప్యాకెట్లు ఏరి, నంబర్లు దాచి, సైదమ్మ ముందు పెట్టాను. నాలుగు పక్కకు తీసింది. పదీ కోసి వాసన చూస్తే ఆ నాలుగే ముక్కిపోయాయి. రెండు రకాల నమూనాలకూ సీలు వేశాను.

పై అధికారికి ఫోన్ చేస్తే, సకినాల చుట్లు చూసి బ్యాచ్ చెప్పడం ఏ మాన్యువల్లో ఉందని ఎగతాళి చేశారు. లేదన్నాను. అయితే బాధ్యత నాదేనని రాసిమ్మన్నారు. రాసిచ్చాను. ఆ ఒక్కరోజు సరుకునే ఆపాను.

ఆ మధ్యాహ్నం ఎండలో తొమ్మిది మందీ మూడు గుంపులుగా దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ దుకాణాలకు బయలుదేరారు. మరియమ్మ ఉన్న గుంపుతో నేనూ వెళ్లాను. చాలావాటి మీద నంబర్లు నూనెకు అలుక్కుపోవడంతో ప్రతి ప్యాకెట్టూ వెలుతురుకు పట్టి, తిప్పి చూసి, ఏరారు. చూడ్డానికి బాగున్నవి కూడా అడిగి మరీ వెనక్కి తీసుకుంటుంటే ఒక షాపాయన నవ్వాడు.

“గిన్నింట్ల ఎవరు చూస్తరమ్మా?” అన్నాడు.

“మేం చూస్తం” అంది మరియమ్మ. ఏడుపు ఆగాక ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. నాకు భలే అనిపించింది, పైకి అనలేదు.

తెచ్చిన సరుకంతా నా ఎదుటే నీళ్లలో నానబెట్టి పారబోశారు, నేను పంచనామా రాశాను. ఆర్డర్ సరుకు చెప్పిన రోజుకే వెళ్లింది. పధ్నాలుగో రోజున రిపోర్టు వచ్చింది. ముక్కినవి ఆ రోజువే, మిగతావి నిక్షేపంలా ఉన్నాయి. పై అధికారి ఆ కాగితం మీద ‘చూశాను’ అని సంతకం పెట్టారు. అంతకంటే మెచ్చుకోలు మా శాఖలో ఉండదు.

నేను రిటైరయ్యేలోపు మరోసారి తనిఖీకి వెళ్లాను. అప్పటికి వాళ్లు పదహారు మంది. ఊరి నుంచి ఎవరు ఏం తెచ్చినా కాదనడం లేదు. అయితే మొదట వాటితో చేసినవి వాళ్లే ఒకరోజు తింటారు, రిజిస్టర్లో రాస్తారు, ఆ తరువాతే అమ్మకానికి. ఆ నియమం పెట్టింది మరియమ్మ.

సీలు, నమూనా, రిపోర్టు లేకుండా మా పని జరగదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ సీలు వేసేముందు, ఆ వస్తువు చేసిన మనిషి చేతికి దాన్నిచ్చి అడగాలని ఆ తొమ్మిది మంది దగ్గర నేర్చుకున్నాను. ‘మాది కాదు’ అంటే తప్పించుకోగలిగిన చోట ‘మాదే’ అన్న తయారీదారు నా సర్వీసు మొత్తంలో సైదమ్మ ఒక్కతే. ఆ మాట ఆ రోజు పంచనామాలో ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను.