కింది నుంచి చూసిన పడవ

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను మొహం మీదే కసిరేవాణ్ణి. మూడో తరగతితో బడి మానేసినా, పాత పేపర్లూ అద్దె పుస్తకాలూ చదివి నా బుర్రను నేనే తయారు చేసుకున్నవాణ్ణి. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పడానికి కారణం వేరే ఉంది. మన శహర్లో సరదా కోసం మనుషుల్ని నీళ్ల అడుగుకు తీసుకెళ్లడం మొదలుపెట్టింది ఫలానా నేవీ సాబు అని ఈమధ్య ఓ పేపర్లో రాశారు. సాబు ఫొటో వేశారు. పడవ ఫొటో కూడా వేశారు. ఆ పడవ కట్టిన మా అన్న గురించి ఒక్క అక్షరం లేదు.

మా అన్న రాజయ్య. యాకుత్‌పురా స్టేషన్ వెనక మా వడ్రంగి షెడ్డు. డెబ్బైల మొదట్లో, నేవీలో రిటైరైన ఆ సాబు మా దగ్గరికి వచ్చాడు. శహరు బయటి పెద్ద చెరువులో ఆదివారాలు టికెట్టు పెట్టి జనాన్ని కిందికి దింపాలని ఆయన సరదా. కొన్న పడవ పనికిరాలేదు. వీపున గాలి సిలిండర్ ఉన్న మనిషి పక్క అంచు పట్టుకుని ఎక్కబోతే ఒరిగిపోయేది.

అన్న వెడల్పాటి అడుగుతో కొత్త పడవ కట్టాడు. వెనక వైపు చిన్న తలుపు కోసి, నీళ్లలోకి రెండు మెట్లు దిగే నిచ్చెన పెట్టాడు. సిలిండర్లు దొర్లకుండా చెక్కలో గుంటలు తొలిచాడు. కింద ఉన్నవాళ్లను పైకి పిలవడం ఎలా అని సాబు తల పట్టుకుంటే, చింతచెక్క సుత్తితో పడవ అడుగు మీద కొట్టి చూపించాడు. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. మేకు దింపేటప్పుడు అన్న చెయ్యి పడే తీరే అది.

ఇవన్నీ సాబు బుర్రలోంచి వచ్చాయా?

"రాజయ్యా, ఒకసారి నువ్వు గూడ దిగరాదు?" అనేవాడు సాబు.

"కట్టినోడు పైన్నే ఉండాలె సాబ్. మునిగితే తిట్టనీకి మీకో మనిషి కావాలె గద!"

నవ్వించేవాడు గానీ, అసలు సంగతి ఉబ్బసం. నీళ్లలో దిగొద్దని డాక్టరు చెప్పాడు. అందుకని పైకొచ్చిన ప్రతివాణ్ణీ ఒకటే అడిగేవాడు: "కిందికెల్లి నా పడవ ఎట్లున్నదన్నా?" వాళ్లు చేపల గురించి చెప్పేవాళ్లు, నాచు గురించి చెప్పేవాళ్లు. తలెత్తి పడవను చూసినవాడు ఒక్కడూ లేడు.

"నువ్వన్న దిగి సూసి చెప్పరా," అన్నాడు ఓ రోజు నాతో. "నేను కట్టిందాన్ని నేనే పూరా సూడకపోతి."

"వచ్చే ఐతారం దిగుత తియ్యన్నా," అన్నాను.

నీళ్లంటే నాకు భయం. అది ఒప్పుకోలేక మూడు చలికాలాలు అదే మాట చెప్పాను. ఆ తర్వాతి వానాకాలంలో ఉబ్బసం ముదిరి అన్న పోయాడు.

చలికాలం వచ్చి నీళ్లు తేరుకున్నాక, సాబు దగ్గర పనిచేసే డైవర్ ఆంటోనీ నాకు ఒడ్డు దగ్గర నేర్పాడు. ఒక మధ్యాహ్నం ఇద్దరం దిగాం. పడవలో సాబు ఒక్కడే ఉన్నాడు. అన్న సుత్తి ఇంట్లో గోడకు ఉంది, నేనే తగిలించాను. పిలవడానికి పడవలో ఇనప పానా పెట్టుకున్నారు.

కింద పడవ లంగరు తాడు పట్టుకుని తలెత్తాను. పడవ నల్లగా, అంచుల చుట్టూ వెలుగుతో, గాలిలో నిలబడ్డట్టుంది. అతుకుల్లో ఒక్క వంకర లేదు. చూస్తూ ఉండిపోయాను.

అప్పుడు వినబడింది. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. ఇనుము దెబ్బ వేరు, చింతచెక్క దెబ్బ వేరు. ఆ తేడా వడ్రంగికి నిద్రలో కూడా తెలుస్తుంది.

పైకొచ్చాను. నా వెనకే ఆంటోనీ తేలి, నోట్లో గొట్టం తీసి సాబు మీద లేచాడు.

"ఏంది సాబ్, అప్పుడే పిలిస్తిరి? పావుగంట గూడ కాలే!"

"అరే, నేనెక్కడ పిలిచిన భాయ్?"

సాబు చేతిలో టీ గ్లాసు ఉంది. పానా సంచిలోంచి తియ్యనే లేదు. చుట్టుపక్కల ఇంకో పడవ లేదు.

ఎండకు చెక్క చిట్లుతుందని పుస్తకాల్లో చదివాను. సరే. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా చిట్లుతుందా? ఆంటోనీకి కూడా వినబడేటట్టు?

పడవ ఎక్కి, అన్న ఎప్పుడూ కూర్చునే మూల మీద చెయ్యి పెట్టాను. "సక్కగున్నదన్నా. ఒక్క అతుకు వంకర లేదు," అని చెప్పాను. సాబు మొహం తిప్పుకున్నాడు.

ఆ చలికాలమంతా ప్రతి ఆదివారం దిగాను. భయం పోయింది. తాడు పట్టుకుని, పైకి చూస్తూ వినేవాణ్ణి. ఇనప పానా తప్ప ఇంకేదీ మోగలేదు.

ఆ రోజు విన్నదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కటే అనిపిస్తుంది అప్పుడప్పుడు. నేను జవాబు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పకపోతే అన్న మళ్లీ అడిగేవాడు.