ముక్కు మూసిన కారు

జ్యోత్స్న కష్టపడి గెలిచిన మొదటి గెలుపు బండిని ముందుకు తోలి కాదు, వెనక్కి తోలి.

ఆళ్లగడ్డ పక్క పల్లెలో ఉగాదికి ట్రాక్టర్ రివర్స్ పోటీ పెట్టారు. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి, ముగ్గుపిండితో పోసిన రెండు గీతల మధ్య వంకర దారిలో వెనక్కి పోవాలి. చక్రం గీత తొక్కితే దిగిపోవాల్సిందే. ముందుకు ఎవడైనా తోలతాడు. ట్రాలీతో వెనక్కి పోవడమంటే మొండి ఎద్దును తోక పట్టుకుని కొట్టంలోకి నెట్టడం లాంటిది. మనం ఒక పక్కకు తిప్పితే అది ఇంకో పక్కకు పోతుంది. జ్యోత్స్న అప్పుడు నంద్యాలలో డిగ్రీ చదువుతోంది. పేరు రాయించుకుందామని పోతే కమిటీ పెద్దమనిషి తలెత్తకుండానే, "ముగ్గుల పోటీ ఆ పక్క పాపా, ఈడ కాదు" అన్నాడు.

"ఈడ గూడా ముగ్గే గదన్నా పోసినారు" అంది ఆ పిల్ల.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వులాటకే పేరు రాసుకున్నారు. ఆమె తండ్రి జోసెఫ్ బియ్యం మిల్లులో లారీ డ్రైవరు. మిల్లు ఆవరణలో, మూటల వరసల మధ్య, కూతురికి వెనక్కి పోవడమే ముందు నేర్పించాడు. ముగ్గు చెదరకుండా బయటికొచ్చింది ఆ పోటీలో ఆమె ట్రాలీ ఒక్కటే. బహుమతి మందు కొట్టే స్ప్రేయరు. సెంటు భూమి లేని ఇంటికి స్ప్రేయరు ఎందుకని వాళ్ల అమ్మ ఓబులమ్మ అడిగితే, "గెలిచింది గదా, ఇంట్లో ఉండనీలే" అన్నాడు జోసెఫ్.

అక్కడి నుంచి ఆ పిల్ల ఆగింది లేదు. నంద్యాల డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పనికి కుదిరింది. భారీ వాహనాల లైసెన్సు తీసుకుంది. బెంగుళూరు దగ్గరి మట్టి ట్రాకులో ఆడవాళ్ల విభాగంలో మూడో స్థానం, మరుసటి ఏడు మొదటి స్థానం, ఆపైన ఆడా మగా కలిసి తోలే పోటీలో రెండో స్థానం. కప్పు తీసుకునేటప్పుడు మైకులో "ఆళ్లగడ్డ" అని ఊరిపేరు చదివారు. మన ఊరి పేరు అట్లాంటి చోట మోగించినవాళ్లు ఇంకెవరున్నారో వేళ్లు మడిచి చెప్పమంటే ఒక వేలు కూడా మడవలేం.

ఆమెకు కారిచ్చింది విజయభాస్కర్. నంద్యాలలో విత్తనాల వ్యాపారి, తాతల నాటి అంగడి. ఇంకెవరూ ముందుకు రానప్పుడు ఆయన వచ్చాడు, అది ఒప్పుకోవాలి. కుందూ రేసింగ్ అని జట్టుకు పేరు పెట్టాడు. పాత చిన్న కారొకటి కొని, లోపల ఇనుప పైపుల పంజరం కట్టించాడు. ఆయనకున్న జబ్బల్లా తన ముఖం తాను చూసుకోవడమే. ఏ పండగొచ్చినా, ఎవరి పుట్టినరోజైనా నంద్యాల కూడళ్లలో ఆయన చేతులు జోడించుకుని ఫ్లెక్సీలో నిలబడి ఉంటాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆయన ఒక మాట చెప్పాడు. "సీజన్ ముందు రెండు దినాలు టెస్టింగ్ పెడతాండా. కారు అరగంట సేపు నిలబడకుండా తిరిగితే పోటీలకు పేరిస్తా. తిరగలేదా, అమ్మేసి ఆ షెడ్డులో విత్తనాల మూటలు పెట్టుకుంటా."

కారు అమ్ముడుపోతే జ్యోత్స్న మళ్లీ డ్రైవింగ్ స్కూలు కారులో ఎడమ సీటులో కూర్చుని, ఇంకొకడి భయానికి తాను బ్రేకు తొక్కుతూ బతకాలి.

ఆళ్లగడ్డ దాటాక హైవే పక్కన అమ్ముడుపోని వెంచర్ ఒకటుంది. తారు రోడ్లు వేశారు, ప్లాట్లకు నెంబర్ల రాళ్లు నాటారు, ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. అదే టెస్టింగ్ ట్రాకు. మొదటి రోజు కారు స్టార్టే కాలేదు. బానెట్ ఎత్తితే వైర్లు కొరికేసి ఉన్నాయి. విత్తనాల గోడౌన్ పక్క షెడ్డులో పెడితే ఎలుకలు ఊరుకుంటాయా. వైర్ల మధ్య ఎలుక పెంటికలు, సగం తిన్న పొద్దుతిరుగుడు గింజలు. జ్యోత్స్న ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని అవన్నీ ఎత్తిపోసింది. పాణ్యం నుంచి వచ్చిన మెకానిక్ సాల్మన్ రాజు, ఆమె తండ్రికి పాత స్నేహితుడు, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా వైర్లు ముడేశాడు. తర్వాత మూడో గేరు జారిపోవడం మొదలుపెట్టింది. అదీ సరిచేశాడు. ఇంజను ఊరికే వేడెక్కుతోందని ముందు భాగంలో జాలీ కోసి, రేడియేటరుకు నేరుగా గాలి తగిలేట్టు చేశాడు. సాయంత్రానికి కారు పావుగంట చక్కగా తిరిగింది. వేడి చూపించే ముల్లు సగం దాటలేదు.

"రేపు అరగంటేంది పాపా, గంటైనా తిరుగుతాది" అన్నాడు సాల్మన్ రాజు.

రెండో రోజు పొద్దున వచ్చి చూస్తే కారు ముందు భాగమంతా విజయభాస్కర్ ముఖం. ఈ లైటు నుంచి ఆ లైటు దాకా, నల్ల కళ్లద్దాలతో, మీసంతో, నిగనిగలాడే స్టిక్కరు. సాల్మన్ రాజు కోసిన జాలీ సరిగ్గా మీసం కింద మూసుకుపోయి ఉంది. అతికించినవాడు విజయభాస్కర్ బామ్మర్ది మహేశ్. జట్టు మేనేజరంటే అతనే. అతని పనల్లా ఫోన్‌లో వీడియో తీయడం, గుట్కా నమిలి టైర్ల పక్కన ఊయడం.

"చూసినావా చిన్నాయనా?" అంది జ్యోత్స్న.

"చూసినా. నువ్వే చెప్పు పాపా, నువ్వు తోలేదానివి."

"బండి బాగుచేసింది నువ్వు గదా, నువ్వు చెప్పు."

ఇద్దరికీ తెలుసు ఆ పని ఎట్లాంటిదో. మన వైపు ఫ్లెక్సీ చింపడమంటే మనిషి మీద చెయ్యి వేయడంతో సమానం. చినిగిన ముఖం కోసం తలలు పగిలిన వీధులున్నాయి, ఏళ్ల తరబడి ఒకరింట ఒకరు నీళ్లు ముట్టని బంధువులున్నారు. చివరికి ఆమే మహేశ్ దగ్గరికి పోయింది.

"మహేశన్నా, ఆ జాలీ మీద వరకన్నా కోద్దాం. గాలాడదు."

"యాడ కోస్తావ్? మూతి కోస్తావా?" అన్నాడు మహేశ్. "రోంత సేపే గదా. పెద్దోళ్లొస్తాండారు. వీడియో కానీ, తర్వాత చూద్దాం."

పెద్దోళ్లు వచ్చారు. విజయభాస్కర్ టెంకాయ కొట్టి, కారు పక్కన ఫొటోలకు నిలబడ్డాడు. ఒక పక్క ఆయన, ఒక పక్క ఆయన ముఖం. జ్యోత్స్నను పిలిచి, "ఎట్లుండాదమ్మా?" అని అడిగాడు.

చుట్టూ ఇరవై మంది. చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది. "బాగుండాదన్నా" అనేసింది.

ఆ మాట నోట్లో నుంచి ఊడిపడగానే ఆమెకు తన మీద తనకే ఏవగింపు పుట్టింది. ముగ్గు గీతల దగ్గర పెద్దమనిషికి ఎదురు చెప్పిన నోరు ఇదేనా అనుకుంది. హెల్మెట్ పెట్టుకుని కూర్చుంది.

మొదటి చుట్టు బాగానే సాగింది. రెండో చుట్టులో ముల్లు సగం దాటింది. మలుపుల్లో వేగం తగ్గించి, హీటరు వేసి, ఇంజను వేడిని తన మీదికే లాక్కుంది. కాళ్లు కాలిపోతున్నాయి. అయినా ముల్లు ఆగలేదు. తీయటి మాడు వాసన లోపలికి కొట్టింది. రేడియేటరు నీళ్లు మసులుతున్నాయి. ఇంకొక్క చుట్టు తోలితే ఇంజను చస్తుంది, ఆపితే సీజన్ పోతుంది. ఆమె ఆపింది.

దిగి నేరుగా ముందుకు పోయింది. గోళ్లతో స్టిక్కరు అంచు లేపి లాగింది. అది కళ్లద్దాల దగ్గర మొదలై మీసం మీదుగా బర్రుమని చినిగింది. టెంకాయ ముక్కలు తింటున్నవాళ్లు నమలడం ఆపారు.

"బావ ముఖం మీదికే చెయ్యి తెస్తావా? ఎవరనుకున్నావ్?" అని మహేశ్ ఉరికొచ్చాడు. ఫోన్ మాత్రం దించలేదు, వీడియో నడుస్తూనే ఉంది.

"ముఖం ఆడుండాది చూడన్నా, టెంకాయ తింటాండాది. ఇది స్టిక్కరు" అంది జ్యోత్స్న.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మసిలే రేడియేటరు మూత తీయకూడదని డ్రైవింగ్ స్కూల్లో చేరిన మొదటి రోజే అందరికీ చెప్పేది ఆమే. కానీ లోపల ఎంత మసిలిందో వాళ్ల కళ్లకు చూపించాలనే కసితో బానెట్ ఎత్తి, గుడ్డ పట్టుకుని మూత తిప్పింది. సాల్మన్ రాజు "వద్దు పాపా" అనేలోగా వేడినీళ్లు ఎగిసి మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం కాలిపోయింది.

విజయభాస్కర్ దగ్గరికి వచ్చాడు. చెయ్యి వైపు చూడలేదు. కింద పడిన సగం ముఖాన్ని తీసుకుని, దుమ్ము దులిపి, మడత పెట్టి బామ్మర్దికి ఇచ్చాడు.

"రెండోది ఉండాది గదా, అతికించు. ఇంజను చల్లారినాక నువ్వు తోలు" అన్నాడు.

సాల్మన్ రాజు మోటార్ సైకిల్ మీద ఆళ్లగడ్డ ఆసుపత్రికి తీసుకుపోతుంటే జ్యోత్స్న నొప్పికి ఏడవలేదు. ఆ మడత పెట్టిన తీరే దారి పొడుగునా కళ్ల ముందు ఆడింది.

వాళ్లు లేని సమయంలో మహేశ్ కొత్త ముఖం అతికించి, నీళ్లు పోసి, కారెక్కాడు. అతిథుల ముందు పాట పెట్టుకుని తోలాడు. ముల్లు వైపు చూసే అలవాటు లేదు. ఒక ప్లాటు రాయి పక్కన కారు టక్కున నిలిచిపోయింది. సాయంత్రం సాల్మన్ రాజు ఆయిల్ పుల్ల బయటికి లాగితే దానికి అంటింది ఆయిల్ కాదు, పాలు ఎక్కువైన టీ రంగు. లోపల నీళ్లనూ ఆయిలునూ వేరుచేసే గ్యాస్కెట్ పోయి రెండూ కలిసిపోయాయి. ఇంజను పైభాగం, హెడ్డు, వేడికి వంకరపోయింది.

"పిల్లగాడు నీళ్లలో పడి చచ్చినట్టు చచ్చింది పాపా" అని ఫోన్‌లో చెప్పి పెట్టేశాడు.

మహేశ్ ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియోలో మాత్రం స్టిక్కరు చింపడం ఒక్కటే ఉంది. ఇంజను ఆగింది లేదు, చెయ్యి కాలింది లేదు. కింద ఎవరెవరో రాశారు, అన్నం పెట్టిన చేతినే కరిచింది, కృతజ్ఞత లేని జాతి, ఆడదానికి స్టీరింగ్ ఇస్తే ఇంతే. ఓబులమ్మ చదువుకోలేదు కాబట్టి కూతురి చేత చదివించుకుని, "వీళ్ల నోట్లో పురుగులు పడ, వీళ్లు ఎప్పుడన్నా ఎద్దులబండన్నా తోలినారా?" అని కట్టు మార్చడానికి కూర్చుంది.

"నువ్వు చింపింది తప్పేం కాదు. మూత తీసింది తప్పు" అన్నాడు జోసెఫ్ మంచం మీద నుంచి.

"తెలుసు నాయనా."

కారు ఇక అమ్మేస్తారని ఇంట్లో అందరూ అనుకున్నారు. డ్రైవింగ్ స్కూలు వాళ్లు చెయ్యి మానగానే రమ్మని కబురు కూడా పంపారు. పది రోజులు కాకముందే విజయభాస్కర్ కారు వచ్చి ఇంటి ముందు ఆగింది. ఓబులమ్మ కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, ఆపైన పలకరించలేదు.

ఆయన కాసేపు జోసెఫ్‌తో ఎండల గురించి మాట్లాడాడు. తర్వాత గొంతు సర్దుకున్నాడు.

"చూడమ్మా, మార్చిలో మొదటి రౌండు ఎట్లాగూ మనకు పోయినట్టే. రెండో రౌండుకు పోదాం. ఇంజను విప్పిస్తాండా."

"అమ్మేస్తా అంటిరి గదన్నా?"

"యాడమ్ముతా? నంద్యాలంతా ఫ్లెక్సీలు పెట్టినా, ఈ సీజన్ మనదేనని. బస్టాండ్ దగ్గర ఉండాది, సంజీవనగర్‌లో ఉండాది. ఇప్పుడు కారు లేదంటే ముఖం యాడ పెట్టుకుంటా? మహేశ్‌ను పంపుదామంటే వానికి రేసు లైసెన్సు లేదంట."

జ్యోత్స్నకు అర్థమైంది. ఇంజనును చంపిన ముఖమే సీజన్‌ను బతికిస్తోంది. ఆయనకు ఆమె చెయ్యి గుర్తు రాలేదు, సాల్మన్ రాజు కష్టం గుర్తు రాలేదు, బస్టాండు దగ్గరి ఫ్లెక్సీ గుర్తొచ్చింది. అంత అసహ్యం వేసినా లేచి పొమ్మని మాత్రం అనలేకపోయింది. ఈ పక్క ఆమెకు కారిచ్చేవాడు ఇంకొకడు లేడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఈసారి మాత్రం నాలుక మీది మాటను మింగలేదు.

"వస్తానన్నా. ముందు వైపు ఏమీ అతికించకూడదు."

"బానెట్ మీద?"

"బానెట్ మీద వేసుకోండి. డోర్ల మీద వేసుకోండి. టాపు మీద పండుకున్నట్టు వేసుకున్నా నేను ముట్టుకోను."

"బానెట్ మీదయితే గడ్డం రోంత కిందికి దిగుతాదమ్మా. రెండు వేళ్లంతే."

"దిగకూడదన్నా."

"ఒక వేలు?"

మంచం మీద జోసెఫ్ దగ్గుతున్నట్టు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఫొటో చిన్నది చేయించండి. గడ్డం తగ్గించమంటలేదు నేను" అంది జ్యోత్స్న. "ఇంకోటి. కారు గోడౌన్ పక్కన పెట్టకూడదు. పాణ్యంలో సాల్మన్ చిన్నాయన షెడ్డులో ఉండాల. మహేశన్న వీడియో తీయాలంటే దూరం నుంచి తీసుకోవాల, గుట్కా ఊయకుండా."

విజయభాస్కర్ విత్తనాల బేరంలో తలూపినట్టే తలూపి లేచాడు. గడప దగ్గర ఆగి, మొదటిసారి ఆమె కట్టు వైపు చూశాడు.

"అది ఎప్పటికి మానుతాది?"

ఆ అడిగిన తీరు సరుకు లారీ ఎప్పుడొస్తుందని అడిగినట్టే ఉంది. ఆమె మొహం తిప్పుకుంది. జవాబు ఓబులమ్మ చెప్పింది, డాక్టరు చెప్పినట్టే. మార్చి నెలాఖరుకు కట్టు విప్పుతారు, ఈస్టర్ ఆదివారం నాటికి చెయ్యి స్టీరింగ్ పడుతుంది. హెడ్డు ఆ లోపలే సాపు చేయించి ఇంజను కట్టేస్తానని సాల్మన్ రాజు మాటిచ్చాడు. బెంగుళూరు దగ్గరి మట్టి ట్రాకులో రెండో రౌండు ఆ తర్వాతి ఆదివారం. జ్యోత్స్న మళ్లీ కారెక్కేది ఆ రోజే, 2026 ఏప్రిల్ 12న.