గోడ దాటిన కొమ్మ

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఎల్బీనగర్‌లో నాకు మొక్కల నర్సరీ ఉంది. బస్సులు లేవు, కొనేవాళ్ళూ లేరు. ఒక పొద్దున అల్మాస్‌గూడ నుంచి సరోజిని ఫోన్ చేసింది. ఆమెది తెనాలి వైపు. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటే, ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని ఒంటరిగా ఉండేది.

“అన్నయ్యగారూ, మీరిచ్చిన ముళ్ళమొక్క వెంటనే తీసేయాలి. వీధంతా మా వాకిట్లోనే ఉంది.”

అది చైనా, కొరియా కొండల్లో అడవి మొక్కగా పెరిగే రాస్ప్‌బెర్రీ. మన దగ్గర నీడ, తేమ ఉంటే బతుకుతుంది గాని కాయడం తక్కువ. కాసిన గుప్పెడు పండ్లను సరోజిని చక్కెరతో ఉడికించి షర్బత్ చేసేది. పోయిన ఎండాకాలం గోడ మీదుగా పక్కింటి కోడలికీ ఒక గ్లాసు ఇచ్చింది. ఆ మొక్క కొమ్మల మీద తెల్లటి పొడి ఉంటుంది. అది మొక్క తనకు తాను పూసుకునే మైనం. తెలియనివాళ్ళకు బూడిద చల్లినట్టు కనిపిస్తుంది.

నా ట్రాలీ ఆటోలో వెళ్ళాను. పక్కింటి యాదమ్మది నల్లగొండ పల్లె. నా చెయ్యి పట్టుకుని తన పెరట్లోకి లాక్కుపోయింది. గోడ మొదట్లో బూడిదరంగు కొమ్మ ఒకటి తలను నేలలో దూర్చుకుని ఉంది.

“చూడు సారూ. వారం సంది మా కోడలు జ్వరంల ఏమేమో మాట్లాడుతుంది. అప్పుడు షర్బత్ తాపింది, ఇప్పుడు గిది మా ఇంట్ల పాతింది. బాణామతి గాకపోతే ఏంది?”

కరెంటు పని చేసే ఆమె కొడుకు నర్సింహ పక్కనే నిలబడ్డాడు. అతని చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది. మా వైపు పల్లెల్లో బాణామతి, అంటే చేతబడి, చేశారన్న నెపం మీద మనుషుల పళ్ళు పీకిన సంగతి నాకు తెలుసు. సరోజినికీ తెలిసినట్టుంది, గోడ అవతల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తన ఇంటి తలుపు వెనక నిలబడింది.

నేను మట్టి తవ్వి వేళ్ళు చూపించాను. వానాకాలం చివర ఈ జాతి కొమ్మ వంగి, దాని కొస నేలను తాకితే అక్కడే వేళ్ళు వేస్తుంది. మా వృత్తిలో దీన్ని టిప్ లేయరింగ్ అంటాం. గోడ మీదుగా తల్లిమొక్క దాకా కొమ్మ ఎక్కడా తెగలేదని వేలు పెట్టి చూపించాను. ఏళ్ళ తరబడి మూఢనమ్మకాల మీద సభల్లో వాదించినవాణ్ణి. ఇంత తిరుగులేని రుజువు నాకెప్పుడూ చిక్కలేదు.

యాదమ్మ ముఖం పాలిపోయింది. “అంటే ఎవరు పాతకుండనే, దానంతట అదే గోడ దుంకి మా ఇంటికొచ్చిందా?”

మా వెంట వచ్చిన జనం వెనక్కి జరిగారు. భయం తగ్గలేదు, నా మాటతో ఇంకా పెరిగింది.

“కాలబెట్టుర్రి,” అన్నారెవరో.

“చెట్టునా, తెచ్చుకున్నదాన్నా?” అని ఇంకో గొంతు నవ్వింది.

ఉపన్యాసం నా నోటిదాకా వచ్చింది. తలుపు సందులోంచి సరోజిని, “మొక్కే కదా అన్నయ్యగారూ, కాల్చనివ్వండి,” అంది. మింగేశాను.

“కాల్చుకో,” అన్నాను నర్సింహతో. “ముందు నీ భార్యను నా బండెక్కించు. చెట్టు ఎక్కడికీ పోదు.”

“పోదని ఎట్ల చెప్తవ్ సారూ? గోడ దుంకింది గద.”

“అయితే నువ్వు కాపలా ఉండు. మీ అమ్మ నాతో వస్తది.”

నర్సింహ చేతిలోది కింద పెట్టి, భార్యను ఎత్తుకొచ్చి బండిలో గోనెసంచుల మీద పడుకోబెట్టాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో చేస్తున్నవాళ్ళు రోగిని చూసి దారి ఇచ్చారు. యాదమ్మ కోడలి నోటి దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూస్తూ, “బతుకుతదా సారూ?” అని అడుగుతూనే ఉంది. ఈ పిల్ల దారిలో పోతే అక్కడ సరోజిని గతేమిటని బండి వేగం పెంచాను.

దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో టైఫాయిడ్ ముదిరిందన్నారు. పిల్ల బతికింది. “చెట్టును కాలబెట్టినంకనే తేరుకుంది,” అని యాదమ్మ వీధంతా చెప్పుకుంది.

సరోజిని ఆ నెలలోనే ఇల్లు ఖాళీ చేసింది. తర్వాత కలిసినప్పుడు ఒక్కటే అడిగింది. “ఆ పిల్ల దక్కకపోయుంటే, మీ వేళ్ళ రుజువు నన్ను కాపాడేదా?”

కాపాడేది కాదు. మూఢనమ్మకం మీద నా కోపం ఇప్పటికీ ఆరలేదు, వాదించడమూ మానలేదు. కానీ జ్వరం ఉన్న ఇంటికి వెళితే ముందు మనిషిని బండెక్కిస్తాను. వాదం ఆ తర్వాత.