ఎనిమిది బుర్రలూ ఒక పాత కార్డూ

రహంతుల్లా అన్న పనిచేసే వస్తువును పారేయడు. పనిచేయనిదాన్ని అసలే పారేయడు. పనిచేసేదాకా దాంతో పోట్లాడతాడు. అందుకే రాప్తాడు రోడ్డులో, టైర్ల అంగడి మిద్దె మీదున్న ఆయన రికార్డింగు గదిలో మనిషి కూర్చోవాలంటే ముందు ఏదో ఒక ఆంప్లిఫయర్‌ను లేపాలి.

ఆ సామ్రాజ్యానికి పట్టమహిషి, కంప్యూటరులో గుచ్చే ఒక డీఎస్పీ కార్డు. పాడుతున్న గొంతును పాడుతుండగానే సవరించి, రెప్పపాటు ఆలస్యం లేకుండా హెడ్‌ఫోన్‌లోకి పంపడం దాని వృత్తి. వయసు ఇరవై దాటింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఏనాడో కాలధర్మం చెందింది. ఆ సంగతి అన్న కార్డుకు తెలియనివ్వలేదు.

మొన్న పాత కంప్యూటరు పొగ వదిలి పోయింది. కంప్యూటర్లమ్మే ఓబిలేష్ ఎనిమిది ప్రాసెసర్ల కొత్తది తెచ్చి బిగించాడు. "ఒక్క ఒళ్లు, ఎనిమిది బుర్రలన్నా!" అన్నాడు గర్వంగా. కార్డు గుచ్చగానే ఆ ఎనిమిది బుర్రలూ కట్టకట్టుకుని మూర్ఛపోయాయి.

"ఇది ఒంటి బుర్ర కాలం కార్డన్నా. ఎనిమిదీ ఒకేసారి పలకరిస్తే బెదిరిపోతాండాది. పీకేద్దాం. పాట అయినాక సాఫ్ట్‌వేర్‌లో సవరించుకో."

"అయినాక నాకెందుకప్పా? పాడేటప్పుడే కావాల."

"కుదరదన్నా."

"కుదరదని యాడ రాసుండాది? చూపించు."

యాడా రాసిలేదు. ఓబిలేష్ ఓడిపోయాడు.

సమస్యేమిటంటే, ఆ సాయంత్రం ఐదు లోపల హనుమంతమ్మ అవ్వ పాట రేడియో ఎంపికకు వెళ్లాలి. శెనక్కాయ చేలలో కలుపు తీస్తూ పాడే పాటలకు యాడికి ఊరి చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరు. డెబ్బై ఏళ్లకు వచ్చిన మొదటి పిలుపు. పొద్దున్నే వచ్చి, కొత్త చీరలో, ఓ ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని ఉంది.

"కార్డు వదిలెయ్యన్నా, అవ్వకు అన్యాయమైపోతాది" అన్నాను. కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. సలహాలివ్వడం నాకు వృత్తివ్యాధి.

"సారూ, నువ్వు గమ్మునుండు."

మొదట ఏడు బుర్రలను నిద్రపుచ్చాడు. కార్డు లేచింది గానీ, తెర మీద బాణం అర్జీ పెట్టుకుంటే తప్ప కదల్లేదు. మళ్లీ అందరినీ లేపి పంచాయితీ పెట్టాడు. "కార్డుతో ఒకటో నంబరోడే మాట్లాడాల. తక్కినోళ్లు తెర చూసుకోండి, ఫైళ్లు రాసుకోండి. నడుమ ఎవడన్నా నోరు తెరిస్తే కరెంటు పీకుతా!" ఆ ఆజ్ఞను కంప్యూటరు భాషలో ఎక్కించడానికి మూడు గంటలు పట్టింది. తొమ్మిదిసార్లు పడిపోయింది. పదోసారి, నాలుగు గంటలకు, నిలబడింది.

అవ్వ పాడబోయే ముందు నేను ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని చూశాను. ఎడమవైపు నిశ్శబ్దం. కుడివైపు రేకుల మీద రాళ్లవాన.

"అన్నా, కార్డు చెడిపోయిందే!"

ఆయన నన్ను గది బయటికి లాక్కుపోయాడు. "చెడిపోలే. అవ్వకు ఎడమ చెవి పోయి ఏడేండ్లాయె. కుడి చెవికి సన్న శబ్దాలు అందవు. ఆ చెవికి సరిపడేట్టు పెట్టినా. తన గొంతు తనకు లేటుగా వినపడితే తాళం తప్పుతాది, పాటే పోయిందనుకుంటాది."

"మరి ఓబిలేష్‌తో ఆ మాట చెప్పొచ్చు కదన్నా? ఊరంతా నిన్ను మొండోడంటాండారు."

"అననీ. ఆమెను చెవిటిదనకపోతే చాలు."

అవ్వ పాడింది. తాళం వెంట్రుకవాసి కూడా తప్పలేదు. ఐదుకు పది నిమిషాలుండగా పాట వెళ్లిపోయింది. అవ్వ హెడ్‌ఫోన్ తీసి, అన్నను జాలిగా చూసింది.

"మంచోడివే రహంతూ. కానీ నాతో మాట్లాడేటప్పుడు అంత అరుస్తావేమి? నీకు చెవుడొచ్చినట్టుండాది. డాక్టరుకు చూపించుకో అబ్బయ్యా."

అన్న ముఖం మీద గీత కూడా కదల్లేదు.

"అవునవ్వా, నాకూ అదే అనుమానం!" అని అరిచాడు. "సోమవారం పోదామా? ఒంటిగా పోవాలంటే భయం. ముందు నువ్వు చూపించుకుంటే నాకు ధైర్యమొస్తాది."

"ఇంత మనిషివి, సిగ్గులేదా?" అంది అవ్వ. "సరే, పొద్దున్నే వస్తా. నువ్వు తప్పించుకోవద్దు."