చాకిరేవుకు వేసిన తాళం

ఇనుప గేటుకు తాళం కనిపించినప్పుడు అలమేలుకు మొదట కోపం రాలేదు. ఎవరో పొరపాటున వేసి ఉంటారనుకుంది. నెత్తి మీది లాడ్జి దుప్పట్ల మూట దించి, పక్కన కొత్తగా పాతిన బోర్డు చదివింది. తమిళం కూడబలుక్కుని చదవగలదు. 'అడయారు ఒడ్డున పాత చాకిరేవు. ఒకప్పుడు ఇక్కడ చాకలివాళ్లు బట్టలు ఉతికేవారు. రాళ్ల మీద కూర్చోరాదు' అని ఉంది.

అప్పుడు వచ్చింది కోపం.

"ఒకప్పుడంటనా? నేను చచ్చిపోయినానా?" అని కాపలా ఉన్న కన్నియప్పన్ మీదికి వెళ్లింది.

"నన్నేం చేయమంటావు అక్కా? హెరిటేజ్ కమిటీవాళ్లు తాళమేసి పూట్టమన్నారు, పూట్టినాను."

అలమేలు తొండియార్‌పేట నుంచి సైదాపేటకు కోడలుగా వచ్చేనాటికే అడయారు ఏరు నల్లబడిపోయింది. అందులో ముంచిన బట్టకు కంపు వదలదు. అందుకే ఒడ్డునే బోరు వేయించుకుని, సిమెంటు తొట్టి కట్టుకుని, అత్తగారి పెద్దల నాటి బండల మీదే ఉతుకుతూ వచ్చారు. రెండువేల పదిహేను వరదలో ఆ బండలు బురదలో పూడుకుపోయాయి. ఇల్లు కొట్టుకుపోయినా ముందు రేవు బాగుచేసుకోవాలని అలమేలూ, ఆమె భర్త సుబ్బన్, చుట్టుపక్కల చాకలి కుటుంబాలూ కలిసి ఆ బురద ఎత్తిపోశారు. పారలు అందని చోట చేతులతో తవ్వారు. ఒక్క కమిటీ కూడా అటు తొంగిచూడలేదు. అవి వారసత్వ సంపద అని అప్పుడెవరికీ తెలియదు కాబోలు.

ఆ వారమంతా మూట మోసుకుని రావడం, గేటు చూసి తిరిగిపోవడం. తక్కిన ఆడవాళ్లు రావడమే మానేశారు. ఆదివారం మాత్రం గేటు తెరిచి ఉంది. కమిటీవాళ్లు ఊళ్లోని తెలుగువాళ్ల కోసం పాత చోట్లు చూపించే నడక పెట్టారు. వంతెన దగ్గరి పాత శాసనం, కారణీశ్వరుడి గుడి, చిన్నమలై చర్చి చూసుకుని అందరూ రేవుకు వచ్చారు. వెంట ఉండి వివరాలు చెబుతున్నది వైదేహి. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది.

"కొన్ని తరాల కిందట తెలుగు చాకలి కుటుంబాలు ఇక్కడికొచ్చి స్థిరపడ్డాయండీ. ఇప్పుడా వృత్తి కనుమరుగైపోయింది. ఈ రాళ్లే మిగిలాయి" అంటోంది చిన్న మైకులో.

అలమేలు మూటతో సహా లోపలికి వచ్చింది.

"ఎవురమ్మా కనుమరుగయ్యింది? బాగా చూడు. ఈడనే వుండాను."

వైదేహి ముఖం విప్పారింది. "అయ్యో, మీరు తెలుగువారా అమ్మా! ఏ ఊరండీ మీది?"

"మా వూరు ఇదే. వేరే వూరినించి వచ్చింది నువ్వు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వైదేహి తడబడింది. "మీ మంచికేనండీ ఇదంతా. కంచె వేయకపోతే రేపెవరో ఇక్కడ అపార్ట్‌మెంట్లు కట్టేస్తారు."

"కట్టేవోళ్లని ఆపు, వద్దనలేదు. నన్నెందుకు ఆపాల? వరదొచ్చినప్పుడు యాడ వుంటిరి మీరంతా? ఈ బండలు తవ్వి తవ్వి మా గోళ్లు వూడినాయి. కూర్చోవద్దని నాకేనా బోర్డు?"

ఇస్త్రీ బండి వదిలి పరుగెత్తుకొచ్చిన సుబ్బన్ గేటు దగ్గరే నిలబడి బతిమాలాడు. "పోనీలే మే, పెద్దోళ్లతో గొడవెందుకు?"

"నువ్వు వూరుకో మామా. రేపు నీ బండికి పూట్టు వేస్తే అప్పుడు చెప్దువు."

అలమేలు దుప్పటి తొట్టిలో ముంచి, మెలిపెట్టి, బండకేసి కొట్టింది. నీళ్లు ఎగిరి పడుతుంటే చూడవచ్చినవాళ్లు వెనక్కి జరిగారు. ఒక కుర్రాడు సంబరంగా ఫోను ఎత్తాడు.

"ఫొటో పట్టొద్దు. నేనేమన్నా బొమ్మనా?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ గొడవ తర్వాత కమిటీ కూర్చుని ఒక నిర్ణయం తీసుకుంది. పొద్దున పదింటి దాకా ఉతుక్కోవచ్చు, ఆ తర్వాత సందర్శకులకే. ఆ మాట చెప్పడానికి వైదేహే వచ్చింది. "ఇదైనా ఒప్పించడానికి చాలా పోట్లాడానండీ" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు.

"పదింటికి దుప్పట్లు నానతానే వుంటాయి. నానిందాన్ని వదిలేసి పొమ్మంటావా?" అంది అలమేలు.

మర్నాడు పదింటికి కన్నియప్పన్ తాళం పట్టుకుని వచ్చాడు. రావడం మానేసిన ఆడవాళ్లంతా ఆ రోజు రేవులో ఉన్నారు. ఎవరూ కదల్లేదు. అతను తాళం జేబులో వేసుకుని టీ తాగడానికి వెళ్లిపోయాడు. గేటుకు మళ్లీ తాళం పడలేదు. కొన్నాళ్లకు బోర్డు మీది 'ఒకప్పుడు' అన్న మాట మీద కూడా రంగు పూసేశారు.

లాడ్జి మాత్రం తిరిగి రాలేదు. రేవు మూసి ఉన్న రోజుల్లోనే మేనేజరు దుప్పట్లన్నీ మెషిన్ లాండ్రీకి ఇచ్చేశాడు. అలమేలు వెళ్లి అడిగితే, "మీ రేవు మూసేసినారంట కదా" అన్నాడు. అది తమ పరిధిలోది కాదని కమిటీ చేతులు దులుపుకుంది. ఇప్పుడు అలమేలు ఏటి అవతలి హాస్టలు పిల్లల బట్టలు ఉతుకుతోంది. దుప్పట్లకు వచ్చినంత రాదు.

మొన్నొక ఆదివారం వైదేహి మళ్లీ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఈసారి మైకు ఆపేసి, దగ్గరికి వచ్చి అడిగింది.

"మీ గురించి చెప్పనా అమ్మా వీళ్లకి?"

అలమేలు చేతిలోని చొక్కా పిండుతూ తలెత్తింది. "చెప్పు. లాడ్జి పోయింది కూడా చెప్పు. ఎవురివల్ల పోయిందో అదీ చెప్పు."